వాయవ్య మూల తాలింపు

చింతలమెరక పురపాలక సంఘానికి గాలి కొలిచే యంత్రం మంజూరైందని తెలిసినప్పుడు ఊళ్ళో ఎవరూ పెద్దగా సంబరపడలేదు. గాలి ఎలా ఉందో ముక్కున్న ప్రతివాడికీ తెలుసు. కాకపోతే ముక్కు చెప్పిన మాటకి ప్రభుత్వంలో విలువ లేదు, యంత్రం చెబితేనే ఉంటుంది. అందుకని కమిషనర్ మార్కండేయులు గారు ఆ యంత్రాన్ని బ్యాండు మేళంతో ట్రాక్టరు మీద ఊరేగించి మరీ తీసుకొచ్చారు. దారిపొడుగునా ట్రాక్టరు నల్లగా పొగ కక్కుతూనే ఉంది గానీ, యంత్రం అప్పటికింకా అట్టపెట్టెలోనే ఉంది కాబట్టి ఆ పొగ లెక్కలోకి రాలేదు.

దాన్ని ఎక్కడ పెట్టాలన్నది మొదటి చర్చ. మిల్లు వీధిలో పెట్టడం మంచిదని ఇంజనీరు గారన్నారు. అందులో వింతేమీ లేదు. ఆ వీధిలో ఉప్పుడు బియ్యం మిల్లు ఉంది. దాని బాయిలరు రాత్రింబవళ్ళు ఊక తింటుంది, గొట్టం రాత్రింబవళ్ళు మసి ఊస్తుంది. ఆ వీధి ఆడవాళ్ళు తెల్లచీర ఆరేసి బూడిదరంగు చీర తీసుకుంటారు. ముగ్గు వేసేముందు వాకిట్లో మసి ఊడ్చుకోవాలి, వేశాక ముగ్గు మీద పడ్డ మసిని చూసి ఊరుకోవాలి. కమిషనర్ గారు ఇంజనీరు గారి మాట ఓపిగ్గా విని, మంచి ఆలోచనేనని మెచ్చుకుని, వాస్తు సిద్ధాంతి గారికి కబురు పెట్టారు.

కమిషనర్ గారికి సిద్ధాంతి గారి మీద ఉన్న నమ్మకం ఊరికే వచ్చింది కాదు. ఒకసారి ఆయనకి బదిలీ ఉత్తర్వులు వస్తే, సిద్ధాంతి గారు ఆయన గది తలుపు తీయించి వేరే గోడకి పెట్టించారు. ఉత్తర్వులు ఆగిపోయాయి. అప్పటినుంచి బల్లమీది గాజుగుండు కూడా సిద్ధాంతి గారిని అడక్కుండా జరగలేదు. ఆయన వచ్చి యంత్రాన్ని చూసి, ఇది దేన్ని కొలుస్తుందని అడిగారు. గాలినని చెప్పారు. గాలికి అధిపతి వాయుదేవుడనీ, ఆయన దిక్కు వాయవ్యమనీ, గాలిని కొలిచే వస్తువుని ఇంకే మూల పెట్టినా అది అబద్ధాలు చెబుతుందనీ సిద్ధాంతి గారు తేల్చేశారు. ముహూర్తం చూసి, కొబ్బరికాయ కొట్టి, ఆఫీసు ఆవరణలో వాయవ్య మూల, ప్రహరీని ఆనించి దిమ్మ కట్టి, దాని మీద యంత్రాన్ని ప్రతిష్ఠించారు. అది చెప్పే సంగతి ఊరందరికీ తెలిసేలా గేటు మీద ఒక పెద్ద బోర్డు పెట్టారు. గాలి బాగుంటే ఆకుపచ్చ, ఫరవాలేదనుకుంటే పసుపు, ప్రమాదమైతే ఎరుపు.

ఆ ప్రహరీకి అవతల ఏముందో సిద్ధాంతి గారు చూడలేదు. వాస్తులో ప్రహరీ అవతలి సంగతులు రావు.

అవతల ఉన్నది నూకరత్నం కర్రీ పాయింటు. పురపాలక సంఘం వారు కట్టి అద్దెకిచ్చిన కొట్లలో అది చివరిది. ముందు గదిలో వంటా అమ్మకమూ, వెనక గదిలో కాపురమూ. ఇంట్లో అన్నం ఒక్కటీ వండుకుని కూరా పప్పూ పులుసూ పొట్లాల్లో కొనుక్కుపోయేవాళ్ళకి రత్నం పెద్ద దిక్కు. ఆఫీసు సిబ్బంది అందరూ ఆమె ఖాతాదార్లే. ముఖ్యంగా ఆమె పప్పు తాలింపు. పెద్ద మూకుడులో నూనె మరిగాక ఆవాలూ జీలకర్రా చిటపటమనిపించి, దంచిన వెల్లుల్లి వేసి, గుప్పెడు ఎండుమిర్చి తుంచి వేసి, అవి నల్లబడేలోగా కరివేపాకు విసిరి, చిటికెడు ఇంగువ చల్లి గంగాళంలో పప్పు మీద బోర్లిస్తే, ఆఫీసులో దస్త్రాలు వాటంతటవే మూసుకునేవి. ఆ ఘాటుని బయటికి తోసే ఫ్యాను మొదట్లో వీధివైపు ఉండేది. దారిన పోయేవాళ్ళు తుమ్ముతున్నారని శానిటరీ ఇన్‌స్పెక్టర్ భీమేశ్వర్రావు స్వయంగా వచ్చి, దాన్ని ఆఫీసు ఆవరణవైపు తిప్పించి వెళ్ళాడు.

రత్నం వ్యాపారం కోసం కొట్టు పెట్టిందని అందరూ అనుకుంటారు. ఆమె పెట్టింది ఆ వెనక గది కోసం. ఆమె మొగుడు గవర్రాజు ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలరు నోట్లోకి ఊక ఎగదోసే పనిలో వయసంతా పోగొట్టుకున్నాడు. చివరికి ఛాతీలో ఊపిరి నిలవడం మానేసింది. మందులు తర్వాత సంగతి, ముందు ఆ వీధి మార్చమని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. మిల్లు వీధిలో ఉన్న సొంత ఇంటికి తాళం పెట్టి, మొగుణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆమె ఈ గదిలో పడుకోబెట్టింది. ఇక్కడికొచ్చిన వారానికి అతను కూర్చుని అన్నం తిన్నాడు, నెలకి బయటికొచ్చి చిక్కుళ్ళు వొలవడం మొదలుపెట్టాడు. ముందుగదిలో తాలింపు వేసినప్పుడు నాలుగు తుమ్ములు తుమ్మేవాడు, అంతే. కొట్టు ఉంటే గది ఉంటుంది, గది ఉంటే ఆయన ఉంటాడు. రత్నానికి తెలిసిన ఆరోగ్య విధానం అది.

యంత్రం పెట్టిన రోజు పొద్దున బోర్డు ఆకుపచ్చగా వెలిగింది. కమిషనర్ గారు బోర్డు కింద నిలబడి ఫొటో దిగారు. మధ్యాహ్నం కావస్తుండగా రత్నం పప్పుకి తాలింపు వేసింది. బోర్డు పసుపుకి తిరిగి, అక్కడ ఆగకుండా భగ్గుమని ఎర్రబడింది. ఏ లారీ అయినా తగలబడిందేమో చూడమని కమిషనర్ గారు మనుషుల్ని పరిగెత్తించారు. ఎక్కడా ఏమీ లేదు. కాసేపటికి బోర్డు దానంతటదే శాంతించింది. మర్నాడూ అదే వేళకి అదే గొడవ. భీమేశ్వర్రావుని కాపలా పెట్టారు. అతను ముక్కు పైకెత్తి వాసన పట్టుకుని, ప్రహరీ చుట్టూ తిరిగి కర్రీ పాయింటులోకి వెళ్ళి, చాలాసేపటికి మూతి తుడుచుకుంటూ తిరిగొచ్చి, కాలుష్యం మూలం దొరికిందని నివేదించాడు.

రత్నాన్ని సమావేశ మందిరానికి పిలిపించారు. అధికారుల భోజనాల క్యారేజీలతో ఆ గదిలోకి చాలాసార్లు వెళ్ళింది గానీ, ముద్దాయిలా వెళ్ళడం అదే మొదలు. మార్కండేయులు గారు చెడ్డవాడు కాదు. ఆయన ఎవర్నీ కసరడు. ఆయన మాట్లాడే తెలుగే అవతలివాళ్ళని భయపెడుతుంది. తాలింపు ఉద్గారాల వల్ల పట్టణ వాయు నాణ్యతా సూచీ తీవ్ర ప్రతికూలతకు లోనవుతోందని ఆయన చెప్పారు. రత్నానికి తాలింపు అన్న ముక్క ఒక్కటే అర్థమైంది. అయినా భయపడకుండా ఆమె తనకి తోచింది చెప్పింది, ఆ మిషనుని ఓ బారెడు అవతలికి జరిపితే సరిపోతుంది కదా అని. వాస్తు ప్రకారం ప్రతిష్ఠించిన పరికరానికి స్థానభ్రంశం కలిగించడం కుదరదనీ, పైగా అది సమాచారాన్ని వక్రీకరించడం అవుతుందనీ కమిషనర్ గారన్నారు. పోనీ ఫ్యాను మళ్ళీ వీధివైపు తిప్పుకుంటానంది. పాదచారుల సౌకర్యార్థం జారీ అయిన ఉత్తర్వు ఇంకా అమల్లోనే ఉందని భీమేశ్వర్రావు గుర్తుచేశాడు.

“మరి ఆ మిల్లు పొగ మాటేటండి బాబూ?” అని అడిగింది రత్నం.

కమిషనర్ గారు ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు కుర్చీలో ముందుకి వంగారు. “మిల్లు రేయింబవళ్ళూ నడుస్తోందా? నడుస్తోంది. రేయింబవళ్ళూ మన సూచీ ఆకుపచ్చగానే ఉందా? ఉంది. ఒక్క నీ తాలింపు వేళ తప్ప. కనుక మిల్లు పొగ వల్ల ఈ పట్టణపు గాలికి ఎటువంటి హానీ లేదని శాస్త్రీయంగా రుజువైంది కదమ్మా.”

మిల్లుకీ ఆఫీసుకీ మధ్య ఊరంతా ఉందనీ, గాలి అటునుంచి ఇటు రాదనీ తెలిసిన వాళ్ళు ఆ గదిలో చాలామందే ఉన్నారు. అందుకే ఆఫీసు ఇటు కట్టారు. అయినా అందరూ తలలూపారు.

ఒక్క కొట్టు మీద ఉత్తర్వులిస్తే కక్ష సాధింపు అంటారు. అందుకని ఊరి మొత్తానికి కలిపి ‘తాలింపు ఉద్గారాల నియంత్రణ విధానం’ ప్రకటించారు. ఆవాలు వేసిన రోజు మిరపకాయలు వేయకూడదు, మిరపకాయలు వేసిన రోజు ఆవాలు వేయకూడదు. ఇంగువ వాసన ఒక వార్డులో పుట్టి ఇంకో వార్డులోకి పోతుంది కాబట్టి దానికి ఇరు వార్డుల ముందస్తు అనుమతి ఉండాలి. సోమవారం ఊరంతటికీ తాలింపు సెలవు. పెళ్ళి వంటలకి మినహాయింపు ఉంది గానీ, మగపెళ్ళివారు తాలింపు కోరుతున్నట్టు ఇద్దరు సాక్షుల ఎదుట చెప్పాలి.

ఊరు మొదట నవ్వింది. తర్వాత, ఇలాంటివాటికి మనవాళ్ళకి పూనే భక్తి ఎలాంటిదో తెలిసిందే కదా, మెల్లగా నమ్మడం మొదలుపెట్టింది. తాలింపు మానేశాక తనకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయని రిటైరైన మేష్టారొకరు సభలో చెప్పారు. ఒకావిడ తనకి కోపం తగ్గిందంది. ఆవిడ కోడలు లేచి, నిజమే తగ్గిందంది. బడిపిల్లలతో ర్యాలీ తీశారు. పిల్లల నెత్తిన తెల్లటి టోపీలు, టోపీల మీద ‘స్వచ్ఛమైన గాలి మన ఊపిరి’ అనే నినాదం, దాని కింద టోపీలు దానం చేసిన ఉప్పుడు బియ్యం మిల్లు పేరు. ర్యాలీ ఊరు తిరిగి మిల్లు గేటు దగ్గర ఆగింది, అక్కడ మిల్లు ఆసామి పిల్లలకి మజ్జిగ పోయించాడు. మజ్జిగ తాగుతున్నంతసేపూ పిల్లలు ఖళ్ళుఖళ్ళున దగ్గారు. టోపీలు బూడిదరంగుకి తిరిగాయి. అక్కడే పెట్టిన వైద్య శిబిరం వాళ్ళు పిల్లల్ని ఒక్కొక్కర్నీ పరీక్షించి, వీళ్ళందరూ పొద్దున ఇంట్లో తాలింపు పెట్టిన పులిహోర తిని వచ్చారని కనిపెట్టారు.

విధానం అమలుకి ముక్కు దళం ఏర్పాటైంది. కళ్ళకి గుడ్డ కట్టినా, వాసనని బట్టి ఆవాలకీ మెంతులకీ తేడా చెప్పగలిగినవాళ్ళని దళంలోకి తీసుకున్నారు. వాళ్ళు వంట వేళకి వీధుల్లో తిరిగి వాసన చూసేవాళ్ళు. దళంలో ఎవరికైనా జలుబు చేస్తే జీతంతో సెలవు. మొదట్లో జనం దళాన్ని చూసి కిటికీలు మూసుకునేవాళ్ళు, తర్వాత పక్కింటి కిటికీ చూపించడం నేర్చుకున్నారు.

పట్నం నుంచి ఒక నిపుణుణ్ణి రప్పించి పొగ రాని తాలింపు మీద ఆఫీసు ఆవరణలోనే ప్రదర్శన పెట్టించారు. తాలింపులో మనిషికి కావలసింది సగం రుచి, సగం చప్పుడు అని ఆ నిపుణుడి సిద్ధాంతం. ఆయన రత్నం వండిన చప్పిడి పప్పు గిన్నెలో వేయించుకుని, పచ్చి ఆవపిండి కలిపి, దాని పక్కన ఫోను పెట్టి చుయ్యిమనే చప్పుడు రికార్డు వినిపించాడు. కళ్ళు మూసుకుని తినమన్నాడు. అందరూ తిన్నారు. అద్భుతంగా ఉందని కమిషనర్ గారు చప్పట్లు కొట్టారు. ఆ మధ్యాహ్నం సిబ్బందిలో సగంమందికి ఇంటి దగ్గర అర్జంటు పనులు గుర్తొచ్చాయి.

రత్నం తన మానాన తాను అన్ని తంటాలూ పడింది. మూకుడు మీద మూత పెట్టి చూసింది, మిరపకాయలు కడిగి వేసి చూసింది, నూనె సరిగ్గా కాగకముందే కానిచ్చి చూసింది. ఏం చేసినా గోడవతల ఆ యంత్రం బోర్డు రంగు మార్చేస్తూనే ఉంది. బేరాలు పడిపోయాయి. పప్పు పొట్లాలు మిగిలిపోతుంటే మొగుడికి పెట్టి తనూ అదే తినేది. గవర్రాజు రెండు ముద్దలు తిని, జొరం పత్తెంలా ఉందే అని, తర్వాత ఆవిడ మొహం చూసి బాగానే ఉందిలే అనేవాడు. ఆమెకి ఏడుపొచ్చేది. ఇంత వయసొచ్చి తన వంట బాగానే ఉందిలే అనిపించుకోవడం ఆమెకి మహా అవమానంగా ఉండేది. అయినా సహించింది. కొట్టు తలుపు తెరుచుకుంటున్నంతకాలం గది ఉంటుంది.

చలికాలం మొదట్లో ఆ తలుపూ మూసుకుంది. రాష్ట్రంలో గాలి శుభ్రంగా ఉన్న పట్టణాలకి పురస్కారం ప్రకటించారు. ఆ చలికాలమంతా యంత్రం చెప్పిన లెక్కలే ఆధారం. మార్కండేయులు గారు ఆవాలూ మిరపకాయల మీద ఇంక బేరాలాడదలచుకోలేదు. ప్రజారోగ్య ప్రయోజనాల దృష్ట్యా కొట్టు ఖాళీ చేయమని తాఖీదు వచ్చింది.

రత్నం వెళ్ళి ఆయన గదిలో నిలబడింది. తాలింపు పూర్తిగా మానేస్తాననీ, పొయ్యి కూడా వెలిగించననీ, పచ్చళ్ళు అమ్ముకు బతుకుతాననీ చెప్పింది. గది ఒక్కటీ ఉంచమంది. వ్యాపారం లేని కొట్టులో నివాసం నిబంధనలకు విరుద్ధమని ఆయన విచారంగా చెప్పారు.

“మాయన ఆ మిల్లు ఈదిలో బతకడండి. ఆ గాలి పడకే ఇక్కడ ఉంటన్నాం. డాట్రుగారు సెప్పారండి.”

“మిల్లు వీధిలో గాలి చెడ్డదని నువ్వంటున్నావు. ఆధారమేది? అక్కడ యంత్రం లేదు కదా. కొలవని కాలుష్యాన్ని ప్రభుత్వం గుర్తించదమ్మా.”

ఆయన అది వెటకారంగా అనలేదు. నిజంగానే అలా నమ్మాడు. వెటకారమైతే రత్నం ఒక మాట అనేసి కడుపుమంట తీర్చుకునేది. దణ్ణం పెట్టి వచ్చేసింది.

ఊరి గాలి బాగుపడటం కోసం గవర్రాజుని మళ్ళీ మిల్లు గొట్టం కిందికి తీసుకెళ్ళి పడుకోబెట్టారు. తలుపులు మూస్తే ఉక్కిరిబిక్కిరి, తీస్తే మసి. రత్నం కిటికీలకి తడిబట్టలు కట్టింది, సాయంత్రానికి అవి నల్లబడేవి, పిండి మళ్ళీ కట్టేది. సంక్షిప్తంగా మాట్లాడటం అలవాటు చేసుకున్నాడతను. ఒక మాటకి సరిపడా ఊపిరి సంపాదించడానికే అతనికి చాలాసేపు పట్టేది. గోడకి ఆనుకుని కూర్చుని, నోరు తెరిచి, బయట ఎవరో తనకి రావలసిన గాలిని ఆపేసినట్టు గుమ్మంకేసి చూస్తుండేవాడు. రత్నం అతని వీపు రాస్తూ కమిషనర్నీ సిద్ధాంతినీ ఆ యంత్రాన్నీ కలిపి తిట్టేది. వాయుదేవుణ్ణి కూడా తిట్టింది. తన మూల తాను చూసుకుని కూర్చున్నాడు, మనుషులున్న మూలకి రాడేం అని.

ఇక్కడ ఇలా ఉండగా అక్కడ బోర్డు చలికాలమంతా ఆకుపచ్చగా మెరిసిపోయింది. పురస్కారం వచ్చింది. కమిషనర్ గారు శాలువా కప్పించుకుని వచ్చారు. సభలో ఆయన ఒక కొత్తమాట ప్రయోగించారు, గాలి మిగులు అని. చట్టప్రకారం ఇంత పట్టణం ఇంత మేరకి పొగ వదలవచ్చుననీ, మన పట్టణం అందులో పిసరంత కూడా వాడుకోవడం లేదనీ, మిగిలిన గాలిని వృథాగా పోనీయడం అభివృద్ధి విరుద్ధమనీ ఆయన వివరించారు. ఆ మిగులులోంచి ఉప్పుడు బియ్యం మిల్లుకి రెండో బాయిలరూ రెండో గొట్టమూ మంజూరు చేశారు. మిల్లు ఆసామి ఆ సంతోషంలో యంత్రానికి వెండి తొడుగు చేయించాడు.

అంతా సుఖాంతం అనుకుంటున్న సమయంలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పురస్కారంతో సరిపెట్టకుండా ఇకమీదట ఏటా నిధులు కూడా ఇస్తామన్నారు. షరతు చిన్నదే. వేసవి కంటే చలికాలంలో కాలుష్యం ఎంత తగ్గిస్తే నిధులు అంత. మార్కండేయులు గారు గేటు దగ్గరికి వెళ్ళి బోర్డుకేసి చూశారు. అది నిర్దాక్షిణ్యంగా ఆకుపచ్చగా ఉంది. అందులో తగ్గించడానికి ఏమీ లేదు. యంత్రం ముందు చెత్త తగలబెడదామని భీమేశ్వర్రావు అన్నాడు గానీ, చెత్త తగలబెట్టడం నేరమని తామే బోర్డులు పెట్టారు. అగరొత్తులు వెలిగించి చూశారు, పసుపు దాటలేదు. రత్నం తాలింపుకి సాటిరాగల పొగ ఆ ప్రాంతంలో లేదని సిబ్బంది ఏకగ్రీవంగా అభిప్రాయపడ్డారు. ఆ మాట అంటున్నప్పుడు కొందరి నోళ్ళలో నీళ్ళూరాయి.

కమిషనర్ గారి కారు మిల్లు వీధిలో ఆగింది. ఆయనా భీమేశ్వర్రావూ చేతిరుమాళ్ళు ముక్కులకి అడ్డం పెట్టుకుని దిగారు. నాలుగడుగులు వేసేసరికి ఇద్దరికీ దగ్గు తెర పట్టుకుంది. రత్నం కుర్చీలు వేసి, వాటిమీద మసి కొంగుతో తుడిచి, మంచినీళ్ళిచ్చింది. నీళ్ళలో నల్లటి నలక తేలుతుంటే కమిషనర్ గారు గ్లాసు కింద పెట్టేశారు. లోపల మంచం మీద గవర్రాజు ఊపిరి గొళ్ళెం వదులైన తలుపులా కొట్టుకోవడం వినిపిస్తూనే ఉంది.

కొట్టు తిరిగి తెరవాలని ఆయన చెప్పారు. పట్టణ సమగ్ర ప్రగతి దృష్ట్యా వేసవిలో ఆమె తాలింపు అత్యావశ్యకమని గుర్తించినట్టు చెప్పారు. ఎండుమిర్చిని పురపాలక సంఘమే సరఫరా చేస్తుంది. ఆవాలకీ మిరపకాయలకీ మధ్య ఆంక్షలు ఎత్తేస్తారు. ఇంగువ ఆమె ఇష్టం. చలికాలం రాగానే ఆపేయాలి. అప్పుడది తగ్గినట్టు లెక్క.

రత్నానికి విషయం అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమెకి నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది.

“పొగే కావాలంటే ఇక్కడికి రండి బాబూ. ఆ మిషనేదో ఈ అరుగు మీద ఎట్టండి. మీకు ఎంత కావాలంటే అంత పొగ. ఏసవిలో సూపించి, సలికాలం ఆ గొట్టాలు ఆపించండి. మీకు నిధులొత్తాయి, మాకు ఊపిరొత్తాది.”

కమిషనర్ గారు రుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. రుమాలు మీద మసి మరక చూసి మడత లోపలికి తిప్పారు. ఈసారి ఆయన మామూలు తెలుగులోనే మాట్లాడారు.

“మాకు కావలసింది తగ్గించడానికి వీలయ్యే పొగ రత్నమ్మా. ఇది తగ్గే పొగ కాదు.”

లోపల్నుంచి దగ్గు వచ్చింది, వచ్చి ఆగలేదు. రత్నం లేచి వెళ్ళి మొగుణ్ణి లేపి కూర్చోబెట్టి, వీపు నిమిరి, నీళ్ళు పట్టి, అతని చూపు మళ్ళీ మామూలయ్యేదాకా పట్టుకుని కూర్చుంది. వీళ్ళ మొహాన తలుపు వేసేద్దామని ఉంది ఆమెకి. ఆ తలుపు వెనకాల ఊపిరి లేదు. బయటికొచ్చి గుమ్మంలో నిలబడింది.

“తాలింపు మీదండి. ఎప్పుడు ఎయ్యమంటే అప్పుడేత్తాను, ఎప్పుడు ఆపమంటే అప్పుడాపుతాను. గది మాత్రం మాయనది. ఏసవైనా సలికాలమైనా ఇంక దాన్ని కాళీ సెయ్యను. అలాగైతేనే వత్తాను.”

వ్యాపారం లేని కొట్టులో నివాసం గురించి భీమేశ్వర్రావు ఏదో అనబోయాడు. కమిషనర్ గారు అతని చెయ్యి నొక్కారు. పట్టణానికి కావలసిన కాలుష్యాన్ని భద్రపరిచే చోటు గనక దాన్ని గోదాముగా పరిగణించవచ్చునని ఆయన అక్కడికక్కడే నిర్ణయించారు. గోదాముకి కాపలా మనిషి ఉండవచ్చు. గవర్రాజు కాపలా మనిషి అయ్యాడు.

ఆ సాయంత్రమే రిక్షాలో సామాను వేసుకుని బయల్దేరారు. వీధిలో ఆడవాళ్ళు అరుగుల మీదికొచ్చి నిలబడ్డారు. ఎదురింటి చిట్టెమ్మ చంకలో పిల్లాడు ఎగశ్వాస తీస్తున్నాడు. అక్కా, నాకు బూరెలు బాగా వొచ్చు, నూనె పొగ వొత్తాది, మీ సార్లకి పనికొత్తాదేమో ఓ మాటడుగు అంది చిట్టెమ్మ. రత్నం అడుగుతానంది. రిక్షా సందు తిరిగేదాకా వెనక్కి చూడలేకపోయింది.

తిరిగి తెరవడానికి కూడా సిద్ధాంతి గారే ముహూర్తం పెట్టారు. ఆఫీసు సిబ్బంది అంతా గేటు దగ్గర బోర్డు కింద చేరారు. కమిషనర్ గారు స్వయంగా వచ్చి మూకుడులో మొదటి గుప్పెడు మిరపకాయలు వేసి, కళ్ళనీళ్ళతో బయటికి పరిగెత్తారు. మిగతా గుప్పెళ్ళు రత్నం వేసింది. కసి తీరేలా వేసింది. ఘాటంతా ఫ్యానులోంచి గోడ దాటి యంత్రం మీద పడింది. బోర్డు ఆకుపచ్చ నుంచి పసుపుకీ, పసుపు నుంచి ఎరుపుకీ ఎక్కి, ఇదివరకెన్నడూ లేనంత ఎర్రగా నిలబడిపోయింది. గేటు దగ్గర అందరూ తుమ్ముతూ, దగ్గుతూ, ఒకరి చేతులొకరు పట్టుకుని ఊపుతూ అభినందించుకున్నారు. ఎవరో బాణసంచా కూడా కాల్చారు.

రత్నం చేతులు కడుక్కుని వెనక గదిలోకి వెళ్ళింది. గవర్రాజు మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. వెల్లకిలా పడుకోగలిగి చాలా నెలలైంది. అతని ఛాతీ నెమ్మదిగా లేస్తోంది, నెమ్మదిగా దిగుతోంది. ఆమె మంచం పక్కన నేల మీద కూలబడి అది చూస్తూ కూర్చుంది.

బయట ఏంటే ఆ గోల అని అతను ఒక్క ఊపిరిలో అడిగాడు.

“ఊళ్ళో గాలి బాగా పాడైపోయిందంటయ్యా” అంది రత్నం.

గవర్రాజు కళ్ళు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చుకుని, మెల్లగా వదిలాడు.

“ఇలాగే ఉంచమనవే” అన్నాడు.